తాయెత్తు, ప్రతిమ, ఉంగరం: కడప సీమ ఆచారం వెలుగులో ‘పాతాళభైరవి’, ‘చందమామ’, అమెరికన్ కామిక్స్‌లోని మంత్రవస్తువు

1940 జూలై తేదీతో వెలువడిన ‘ఆల్ అమెరికన్ కామిక్స్’ 16వ సంచికలో ‘గ్రీన్ లాంటర్న్’ అనే వీరుడు తొలిసారి కనిపించాడు. చిత్రకారుడు మార్టిన్ నోడెల్ ఊహించిన ఈ పాత్రకు కథ కూర్చినవాడు బిల్ ఫింగర్. కథానాయకునికి మొదట ‘అలన్ లాడ్’ అని పేరు పెట్టాలనుకొన్నారు. అల్లాద్దీన్ పేరు అందులో ధ్వనించాలన్నది ఉద్దేశం. ఆ పేరు నమ్మశక్యంగా ఉండదన్న సందేహంతో తరువాత ‘అలన్ స్కాట్’గా మార్చారు. పదకొండేళ్లు తిరగకముందే, 1951 మార్చి 15న, మద్రాసులోని విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ విడుదలయింది. పింగళి నాగేంద్రరావు రచనలో మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ పోలికతో పాటు అల్లాద్దీన్ కథ జాడ కూడ స్పష్టంగా ఉంది. ఒకరినొకరు ఎరుగని రెండు నగరాలలో, ఒకే విత్తనం నుంచి, రెండు మంత్రవస్తువులు పుట్టాయి. ఒకటి ఉంగరం, మరొకటి ప్రతిమ. పుట్టుక ఒకటే అయినా వాటి నడత పూర్తిగా వేరు. ఉంగరం తన వీరుని విడిచి పోదు. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది.

ఈ భేదాన్ని కేవలం మాధ్యమభేదంగా, అంటే బొమ్మల పుస్తకానికీ చలనచిత్రానికీ ఉన్న తేడాగా తీసివేయడం తేలిక. అయితే మంత్రవస్తువును గురించి ఒక సమాజం అంతకుముందే ఏర్పరచుకొన్న నియమాలు కథలోకి వస్తాయన్న సంగతి అప్పుడు మరుగున పడుతుంది. తెలుగునాట ఆ నియమాలు నిత్యవ్యవహారంలో కనిపించేది తాయెత్తు దగ్గర. ‘పాతాళభైరవి’ వెనుక, ‘చందమామ’ వెనుక నిలిచినవారిలో ముఖ్యులు కొందరు కడప సీమవారు కావడం వల్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఆచారం దగ్గర ఈ పరిశీలనను మొదలుపెట్టడం సముచితం. ఆ ఆచారం ఈ మూడు తాలూకాలకే పరిమితమైనదని కాదు. తెలుగుదేశమంతటా ఉన్నదే ఇక్కడా ఉంది. ఇక్కడినుంచి అది కథలోకి నడిచివెళ్లిన దారి మాత్రం కొంత స్పష్టంగా కనిపిస్తుంది.

విజయా సంస్థాపకులలో ఒకరైన బి. నాగిరెడ్డి 1912లో కడప జిల్లా పొట్టిపాడులో జన్మించారు. ఆయన అన్న, ‘మల్లీశ్వరి’ దర్శకుడు బి.ఎన్. రెడ్డి 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టినవారు. ‘పాతాళభైరవి’లో మాంత్రికుని శిష్యుడు సదాజపునిగా నటించిన పద్మనాభం స్వస్థలం పులివెందుల తాలూకా సింహాద్రిపురం. దర్శకుడు కె.వి. రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. పటంలో చూస్తే అది జమ్మలమడుగుకు పడమటి పొరుగు. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించారు. తెలుగు పిల్లలకు బొమ్మల కథ అన్నమాట వినగానే గుర్తుకు వచ్చే పత్రిక అదే. చక్రపాణి తెనాలివారు, పింగళి బందరు ప్రాంతంలో పెరిగినవారు. కనుక ఈ కృషిని ఒక జిల్లా సొత్తుగా చెప్పడం సరికాదు. అయినా ఆ కథాలోకానికి మూలధనం పెట్టి, అచ్చుయంత్రాలు నడిపి, తెరకెక్కించినవారిలో పెన్నా, పాపాఘ్ని లోయల మనుషులు ఇందరు ఉండడం గమనించవలసిన విషయం.

తాయెత్తు అన్న మాటకు ఇరుగుపొరుగు భాషలలో దగ్గరి రూపాలున్నాయి: తమిళంలో ‘తాయత్తు’, కన్నడంలో ‘తాయిత’, మరాఠీలో ‘తాఈత్’. ఉర్దూలో వాడే ‘తావీజ్’ అరబ్బీ పదం. ఆశ్రయం కోరడం, శరణు పొందడం దాని ధాత్వర్థం. రాయలసీమ పల్లెలలో దీనికే ‘అంత్రం’ అన్న వాడుక ఉంది. అది సంస్కృత ‘యంత్ర’ శబ్దానికి జనవ్యవహార రూపం. ఒకే వస్తువుకు ఒకే ఊళ్లో అరబ్బీ వాసన గల పేరొకటి, సంస్కృతం నుంచి జారిన పేరొకటి చలామణి కావడం ఆ వస్తువు చరిత్రను చాలవరకు చెబుతుంది. జమ్మలమడుగుకు చేరువలోని గండికోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలూ జుమ్మా మసీదూ ఒకే కోటగోడల నడుమ నిలిచి ఉన్నాయి. పెమ్మసాని నాయకుల ఏలుబడిలోని ఆ కోట 17వ శతాబ్ది మధ్యలో మీర్ జుమ్లా చేతికి చిక్కి గోలకొండ రాజ్యంలో కలిసింది. పాలన మారిన సంగతిని చరిత్ర గ్రంథాలు రాస్తాయి. పసిబిడ్డ మొలతాడుకు కట్టే గొట్టంలోని చీటీపై రాత ఏ లిపిలో ఉండాలన్నది తల్లికి పట్టింపు కాదన్న సంగతిని ఆ గ్రంథాలు రాయవు.

తాయెత్తు తయారీలో ముగ్గురు మనుషులు ఉంటారు. రాగి లేదా వెండి రేకును చుట్టి గొట్టం చేసి కొక్కెం అతికేవాడు కంసాలి. బంగారు వ్యాపారానికి రాష్ట్రమంతటా పేరుపడిన ప్రొద్దుటూరు వంటి పట్టణంలో ఇది నగల పనిలో అతి చిన్నది, కూలి తక్కువది. రెండవవాడు రాసేవాడు, లేదా మంత్రించేవాడు. ఆయన పూజారి కావచ్చు, ఫకీరు కావచ్చు, ఊరి భూతవైద్యుడు కావచ్చు. రేకుమీద గీసేది బీజాక్షరాల యంత్రం కావచ్చు, అంకెల గడులు కావచ్చు, ఖురాను వాక్యం కావచ్చు. మూడవది కట్టించుకొనేవాడు. ఈ మూడవవానికి వస్తువుపై ఉన్న హక్కు విచిత్రమైనది. దానిని విప్పి లోపల ఏముందో చూడకూడదు. చావు మైల, పురుటి మైల తగలకుండా చూసుకోవాలి, తగిలితే తీసివేయాలి లేదా మళ్లీ శుద్ధి చేయించాలి. దారం తెగితే ‘దాని పని అయిపోయింది’ అంటారు. దిష్టి, గాలి, బాలగ్రహం, దడుపు మొదలైన పేర్లు పెట్టుకొన్న భయాలకు అడ్డుగా నిలవడమే దాని పని. ఎగరడానికో, పదిమందిని పడగొట్టడానికో ఎవరూ తాయెత్తు కట్టించుకోరు. కట్టించుకొన్నవాడు కట్టించుకోనివానికంటె గొప్పవాడని ఎవరూ అనరు. పైపెచ్చు, ఏదో బెదురు తగిలినవాడని అనుకొంటారు.

శక్తి పరాయిది, అది కొంతకాలానికి అందింది, నియమం తప్పితే పోతుంది. ఆచారంలోని ఈ మూడు అంశాలూ పురాణకథలో ముందే ఉన్నాయి. శ్యమంతకమణి కథ అందరికీ తెలిసినదే. సూర్యుడు సత్రాజిత్తుకు ఇచ్చిన ఆ మణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. దానిని మెడలో ధరించి వేటకు పోయిన ప్రసేనుడు సింహం వాత పడ్డాడు. మణి శుచి గలవానికి మేలు చేస్తుందనీ, అశుచిగా ధరించినవానిని చంపుతుందనీ విష్ణుపురాణం కారణం చెబుతుంది. ఇది మైల నియమమే. భాగవత దశమస్కంధంలో సింహాన్ని చంపిన జాంబవంతుడు ఆ మణిని తెచ్చి తన బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చాడు. లోకాన్ని కలవరపెట్టిన రత్నం చివరికి గుహలో పసివాని ఆటబొమ్మ కావడం, తాయెత్తును పసిపిల్లల మొలతాడు దగ్గర చూసినవారికి కొత్తగా తోచదు.

షష్ఠస్కంధంలోని నారాయణకవచం ఇంకా లోతైన ఉదాహరణ. తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగనది. విశ్వరూపుడు ఇంద్రునికి ఉపదేశించిన ఈ కవచం లోహం కాదు, మాట. ఆ సందర్భంలో సంస్కృత భాగవతం ఒక ఉపకథ చెబుతుంది. కౌశికుడనే బ్రాహ్మణుడు ఈ విద్యను ధరించి మరుభూమిలో దేహం విడిచాడు. ఆ చోటి మీదుగా పోతున్న చిత్రరథుడనే గంధర్వుడు విమానంతో సహా నేలకూలాడు. వాలఖిల్యులు చెప్పగా ఆ ఎముకలను సరస్వతీనదిలో కలిపి తన లోకానికి వెళ్లాడు. ధరించినవాడు పోయినా రక్షణ మిగిలి ఉన్నది. అది ఎవరి పేరునా రాసిపెట్టినది కాదు, దారిన పోయే గంధర్వుని మీద కూడా పనిచేసింది. వస్తువుకూ వ్యక్తికీ నడుమ ఇంతటి ఎడం పాటించిన సంప్రదాయం మంత్రవస్తువును నాయకుని స్వభావంలో భాగం చేయడం కష్టం. సహజకవచకుండలాలతో పుట్టిన కర్ణుడు ఇందుకు మినహాయింపుగా తోస్తాడు. నిజమే, సూపర్‌హీరోకు అతి సమీపంగా వచ్చే భారతపాత్ర అతడే. కాని అతని కథ ఆ కవచాన్ని కోసి ఇచ్చివేసిన కథగానే జనం నోట నిలిచింది.

ఇప్పుడు ఉంగరం వైపు చూడాలి. అల్లాద్దీన్ కథ ఫ్రెంచి అనువాదకుడు ఆంత్వాన్ గలాఁ 1709లో హన్నా దియాబ్ అనే సిరియా కథకుని నోట విన్నది. అందులో రెండు మంత్రవస్తువులున్నాయి. గుహలోకి దింపేముందు మాంత్రికుడు బాలుని వేలికి ఉంగరం తొడుగుతాడు, కీడు తగలకుండా అది కాస్తుందని చెబుతాడు. అంటే ఉంగరం అచ్చంగా తాయెత్తే. దీపం మాత్రం కోరికలు తీర్చే వస్తువు, దానికోసమే మాంత్రికుని తపన. గ్రీన్ లాంటర్న్ కర్తలు ఈ రెండింటినీ కలిపివేశారు. ఆకాశం నుంచి పడిన లోహంతో చైనాలో చేసిన లాంతరు మూడుసార్లు వెలుగుతుంది: మొదట మృత్యువు, తరువాత జీవం, చివరకు శక్తి. వంతెన కూలి రైలు పడిపోయిన ప్రమాదంలో బతికి బయటపడిన ఇంజనీరు అలన్ స్కాట్ ఆ లోహంతో ఉంగరం చేసుకొంటాడు. ఇరవైనాలుగు గంటలకొకసారి ఉంగరాన్ని లాంతరుకు తాకించాలి. కర్రముందు అది పనిచేయదు. ఇక్కడ నియమం లేకపోలేదు. అయితే అది బ్యాటరీ నియమం, మైల నియమం కాదు. ధరించినవాని నడవడితో దానికి పని లేదు, గడియారంతో పని.

అంతకు రెండేళ్ల ముందు, 1938లో, సూపర్‌మ్యాన్ వచ్చాడు. శక్తి శరీరంలోనే ఉన్న వీరుడు జనాదరణ పొందాక, శక్తి వస్తువులో ఉన్న వీరుడు కూడా అదే అచ్చులో ఒదిగిపోయాడు. ఉంగరం, శిరస్త్రాణం, పతకం వీరుని వేషంలో భాగమయ్యాయి, వేషం అతని పేరయింది. 1940లోనే వచ్చిన డాక్టర్ ఫేట్ ప్రాచీన మంత్రశక్తిని తలపై ధరించాడు. 1963లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో రూపొందించిన డాక్టర్ స్ట్రేంజ్ మెడలోని ‘ఐ ఆఫ్ అగమోటో’ మాత్రం కొంత ఆగి చూడదగినది. అది గురువు ఇచ్చినది, హిమాలయాల నుంచి వచ్చినది. దాని ముఖ్యమైన పని మోసాన్ని బయటపెట్టడం, చీకటిలో దారి చూపడం. అమెరికన్ కామిక్స్‌లో తాయెత్తుకు అతి దగ్గరగా వచ్చినది బహుశా ఇదే. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్ రెండు ఉంగరాలు ధరిస్తాడు. ఒకటి శత్రువు దవడపై పుర్రె గుర్తు వేస్తుంది, రెండవదాని గుర్తు ఉన్నచోటికి అతని రక్షణ ఉన్నదని అర్థం. ఈ రెండవ గుర్తును భారతీయ పాఠకులు వేరుగా విడమర్చుకోవలసిన అవసరం రాలేదు. గడపమీద వేసే రక్షకూ దానికీ దూరం తక్కువ.

‘పాతాళభైరవి’లో రచయిత చేసిన మార్పులను ఈ నేపథ్యంలో చదవాలి. దీపాన్ని విడిచి ప్రతిమను తీసుకొన్నారు. దీపంలోని భూతం బానిస. ప్రతిమ నుంచి వచ్చేది పాతాళభైరవి, ఒక శక్తిమూర్తి. ఆమె కోరిక తీరుస్తుంది గాని, అడిగినవానికి లోబడిన దాసి అనిపించదు. రెండవ మార్పు ఇంతకంటె ముఖ్యం. అల్లాద్దీన్ దీపం గుహలో ఊరికే ఉంది, వెళ్లి తెచ్చుకోవడమే తరువాయి. ప్రతిమ ఊరికే దొరకదు. సాహసి, సకలవిద్యాప్రవీణుడు అయిన యువకుని బలి ఇవ్వాలి. నేపాళ మాంత్రికుడు తోటరాముని అందుకే వెదికి తెస్తాడు. శాపంవల్ల మొసలిగా ఉన్న స్త్రీ చేసిన హెచ్చరికతో రాముడు మాంత్రికునే బలి ఇచ్చి ప్రతిమను పొందుతాడు. వస్తువు అడిగిన మూల్యం వస్తువుకు ముట్టింది, చెల్లించినవారు మారారు, అంతే. మంత్రించినవానికి దక్షిణ, దేవతకు బలి లేకుండా తాయెత్తుకు ‘ప్రాణం’ రాదన్న పల్లె నమ్మకాన్ని పింగళి కథాసంవిధానంగా మలిచారు. తెలుగు జానపద చిత్రంలో ఇంత నేర్పుగా కుదిరిన మలుపు మరొకటి అరుదు.

మూడవ అంశం ప్రతిమ చేతులు మారడం. సదాజపుడు మూలికతో గురువును మళ్లీ బతికిస్తాడు. ప్రతిమ రాజుగారి బావమరిది శూరసేనుని ద్వారా మాంత్రికునికి చేరుతుంది. ఆ క్షణాన రాముని భవనం, వైభవం, రాకుమారి అన్నీ పోతాయి. అతనికి మిగిలింది తాను తోటరాముడన్న సంగతి, పక్కనున్న అంజిగాడు. రెండవ సగంలో అతడు గెలిచింది ప్రతిమ బలంతో కాదు, వేషం మార్చిన అంజి మాటనేర్పుతో. మాంత్రికుడు తన గడ్డం తానే తీయించుకొని శక్తి పోగొట్టుకొంటాడు. అతని శక్తిలో కొంత గడ్డంలో ఉన్నదన్నమాట. శక్తి ఒంటిలో ఉన్నవాడు ఇక్కడ ప్రతినాయకుడు. సూపర్‌హీరో కథ తిరగబడితే ఇలా ఉంటుంది. అంతకుముందే ‘బాలనాగమ్మ’ కథ ఈ మార్గాన్ని చూపింది. 1942లో జెమిని చిత్రంగా వచ్చినా, బుర్రకథగా పల్లెల్లో అంతకుముందునుంచి నడిచినా, మాయల ఫకీరు ప్రాణం అతని ఒంట్లో ఉండదు, చిలుకలో ఉంటుంది. బాలవర్ధిరాజు చేసిన పని ఆ చిలుకను పట్టడం. ఊళ్లో తాయెత్తు ఇచ్చి పిల్లవాని జ్వరం దించే ఫకీరు కథలో అపహర్త కావడం, వాడుకకూ కథకూ నడుమ ఎప్పుడూ ఉండే పెనుగులాట. ఆ కథ విని మరునాడు అదే ఫకీరు దగ్గరికి బిడ్డను తీసుకుపోవడానికి జనం సంకోచించలేదు.

యోగ్యత అన్న భావాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. 1962లో కామిక్స్‌లోకి వచ్చిన థోర్ సుత్తెను అర్హుడు మాత్రమే ఎత్తగలడు, ఎత్తినవానికి థోర్ శక్తి వస్తుంది. వస్తువు మనిషిని ఎంచుకొంటుంది, ఎంపిక వల్ల బలం లభిస్తుంది. పులివెందుల ప్రాంతంలో, పాపాఘ్ని కొండలను చీల్చుకొని పారే గండి క్షేత్రంలో ఇటువంటి ఎంపిక ఒకటి ఐతిహ్యంగా ఉంది. లంకనుంచి వచ్చే రామునికి స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడనీ, అది పుణ్యాత్ములకు మాత్రమే కనిపిస్తుందనీ చెబుతారు. రాముడు బాణపు మొనతో అక్కడి బండపై ఆంజనేయుని రూపం గీశాడని కూడా స్థలపురాణం. ఆ తోరణాన్ని సర్ థామస్ మన్రో చూశాడన్న కథను కడప జిల్లా గెజిటీరు నమోదు చేసింది. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. తోరణం కనిపించడం అంత్యకాలం సమీపించిందనడానికి గుర్తన్న నమ్మకం ఆ కథకు ముడి. దత్తమండలాల రైతులు ఒక దొరను తమ పురాణంలో చేర్చుకొన్న తీరు వేరే వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ అవసరమైనది ఒకటే. అర్హునికి దక్కింది చూపు మాత్రమే. తోరణం చేతికి రాదు, బలం ఇవ్వదు. చూసినవాడు లోకంలో ఎక్కువకాలం ఉండడు.

ఇక ‘చందమామ’. మంత్రతంత్రాల కథలు పిల్లలను తాయెత్తుల వైపు నెడతాయన్న ఆక్షేపణ తెలుగు మేధావివర్గంలో బలంగానే ఉన్నది. దానిని తేలికగా తోసివేయడానికి వీలులేదు. అంత్రం కట్టించి ఊరుకొని, వైద్యుని వద్దకు ఆలస్యంగా తీసుకుపోయినందువల్ల ప్రాణాలు పోయిన పిల్లలు ఏ జిల్లాలోనైనా ఉన్నారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, హేతువాది. అటువంటివాని సంపాదకత్వంలో ఇరవైయెనిమిదేళ్లు మాంత్రికుల కథలు ఎలా సాగాయన్న ప్రశ్నకు, అది ఉద్యోగధర్మమని సరిపెట్టుకొనేవారున్నారు. ఆ సమాధానం చాలదు. పత్రికలోని కథలు మంత్రవస్తువును ఏ చోట నిలిపాయో చూస్తే వేరే సమాధానం దొరుకుతుంది.

దాసరి సుబ్రహ్మణ్యం రచించిన ధారావాహికల పేర్లే ఒక ఆధారం. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’. వీటిలో ఒక్కటికి కూడా నాయకుని పేరు లేదు. ఉన్నవి చోట్లు, ప్రమాదాలు, మాంత్రికులు. అమెరికన్ కామిక్ పుస్తకం అట్టమీద పెద్ద అక్షరాలలో ఉండేది వీరుని పేరు, అతని గుర్తు. ‘చందమామ’ అట్టమీద వడ్డాది పాపయ్య బొమ్మ ఉండేది, లోపల ‘చిత్రా’ గీసిన కోటలూ కోయగూడేలూ ఉండేవి. ఆ లోకంలో తిరిగే యువకులు అక్కడికి దారి తప్పి వచ్చినవారు. మంత్రవిద్య ఎదుటివాని ఆయుధం. నాయకుని చేతిలో ఉండేది కత్తి, వెంట ఉండేది స్నేహితుడు. శంకర్ గీసిన బేతాళకథల బొమ్మలో విక్రమార్కుని భుజంమీద శవం ఉంటుంది. రాజు చేతికి ఒర దూసిన కత్తి తప్ప రక్షగా మరొకటి కనిపించదు. అతడు ప్రతిసారీ గెలిచేది ప్రశ్నకు జవాబు చెప్పి, ప్రతిసారీ ఓడేదీ ఆ జవాబు వల్లనే.

ఈ కోణంలో చూస్తే హేతువాది సంపాదకునికీ మాంత్రికుల ధారావాహికకూ నడుమ అనుకొన్నంత వైరం లేదు. మంత్రవస్తువును నమ్ముకొన్నవాడు దానిని పోగొట్టుకోవడం, పోగొట్టుకొన్నాక బుద్ధితో పని జరగడం ఆ కథల నడక. పక్కనున్న కామిక్ పుస్తకంలో ఉంగరం పోయిన వీరుడు తిరిగి ఉంగరం కోసమే వెదుకుతాడు, అది దొరికాకే కథ ముగుస్తుంది. పెద్దలు ఆక్షేపించవలసిన తాయెత్తు ఈ రెండింటిలో ఏదన్న విచారణ 1950లనాటి బాలసాహిత్య చర్చలలో జరగవలసి ఉండెను. పాతాళభైరవి ప్రతిమను కోల్పోయిన రాత్రి తోటరాముని ఇంట మిగిలింది తల్లి మాత్రమే. పసివానికి తాయెత్తు కట్టించే చేయి సాధారణంగా ఆమెదే. ఆమె కొడుకుకు ఏ రేకూ కట్టి పంపలేదు, అంజిగానితో కలిసి వెళ్లనిచ్చింది.